లోలిటా దుస్తుల్లో మొదట కొనవలసింది గౌను కాదు

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీరు డాలస్‌లో ఎం.ఎస్. చదువుతున్నారు, ‘పారడైజ్ కిస్’, ‘రోజెన్ మెయిడెన్’ అనే మాంగాలు, అంటే జపాన్ బొమ్మల కథలు, చదివిన తర్వాత కుచ్చులు, లేసులతో బొమ్మలకు తొడిగినట్టుండే జపాన్ లోలిటా దుస్తుల మీద మనసు పడింది, దాచుకున్న 200 డాలర్లతో కేకులు, స్ట్రాబెర్రీలు అచ్చువేసిన గులాబీరంగు గౌను ఒకటి తెప్పించుకోవాలనుకుంటున్నారు. ఇది కాస్‌ప్లే, అంటే కథల్లోని పాత్రల వేషం వేయడం, కిందికి వస్తుందా, ఆ పేరు వింటే గుంటూరులో ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారు, జపాన్ కొలతలు మన ఒంటికి సరిపోతాయా, ఈ దుస్తులు బాగా అర్థం కావాలంటే ఇంకా ఏ మాంగాలు చదవాలి అని కూడా అడిగారు. ఉద్యోగరీత్యా ఏడేళ్ళు ఒసాకాలో ఉన్నదాన్ని, 2011 నుంచి ఈ దుస్తులు ధరిస్తున్నదాన్ని, కొన్ని స్వయంగా కుట్టుకున్నదాన్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఆ 200 డాలర్లు గౌనుకు పెట్టకండి. మంచి పెట్టీకోటుకు, మంచి బ్లౌజుకు పెట్టండి. మిగిలిన దానితో అచ్చు బొమ్మలేవీ లేని సాదా లంగా ఒకటి, ఎవరో వాడి అమ్మేసినదే, కొనండి.

ఈ సలహా మీకు నిరాశ కలిగిస్తుందని తెలుసు, ఎందుకంటే మాంగాలో మన కళ్ళు మొదట పడేది గౌను మీదనే. కానీ ఈ దుస్తులకు ప్రాణం ఆకారంలో ఉంది. మన తిరునాళ్ళ ఊరేగింపుల్లో బుట్టబొమ్మలను చూసే ఉంటారు. పైన ఎంత మంచి చీర కట్టినా, లోపల వెదురు బుట్ట లేకపోతే అది బొమ్మగా నిలబడదు. లోలిటా లంగా కూడా అంతే. నడుము దగ్గర దట్టమైన కుచ్చులతో మొదలై, గంటలాగానో, తెరిచిన గొడుగులాగానో విచ్చుకుని, మోకాలి దగ్గర ఆగాలి. ఆ విచ్చుకోవడం గుడ్డ వల్ల రాదు, జపనీయులు పానియే అని పిలిచే పెట్టీకోటు వల్ల వస్తుంది. నలభై వేల యెన్ల గౌనైనా సరే, కింద పెట్టీకోటు లేకుండా వేసుకుంటే తడిసిన పరికిణీలాగా కాళ్ళకు అతుక్కుంటుంది. అదే, మంచి పెట్టీకోటు మీద సాదా నల్ల కాటన్ లంగా వేసి, మెడదాకా బొత్తాలున్న తెల్ల బ్లౌజు తొడిగితే, తోక్యోలో ఈ ఫ్యాషన్లకు పేరుపడ్డ హరజుకు వీధిలో నిలబడినా ఎవరూ వంక పెట్టలేరు.

ఈ సంగతి నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. 2011లో ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర ఎంతో ఇష్టపడి ఒక గౌను కొన్నాను. ఫోటోలో నిండుగా ఉన్న గౌను ఇంటికి వచ్చేసరికి మెరిసే పాలిస్టర్ గుడ్డ, గుచ్చుకునే లేసు, నాలుగు వేళ్ళ మందం కూడా లేని కుచ్చులతో ఉంది. టేపు పెట్టి కొలిస్తే అంచు చుట్టుకొలత మీటరున్నర కూడా లేదు. అంత తక్కువ గుడ్డ కింద పెట్టీకోటు పట్టదు. బలవంతంగా పెడితే కుట్లు పిగులుతాయి. అప్పటి నుంచి ఏ గౌను చూసినా నేను మొదట అడిగేది అంచు ఎన్ని మీటర్లని. నడుము 70 సెంటీమీటర్లయితే అంచు కనీసం రెండు మీటర్ల పైన ఉండాలన్నది నా లెక్క, రెండున్నర ఉంటే ఇంకా మంచిది.

పెట్టీకోటును ఎంచుకునేటప్పుడు మూడు సంగతులు చూడండి. దాని పొడవు లంగా పొడవుకంటే ఐదు నుంచి పది సెంటీమీటర్లు తక్కువగా ఉండాలి, అంచు కింద నుంచి బయటపడకూడదు. అది రెండు మూడు అంతస్తులుగా ఉండి, ఒక్కొక్క అంతస్తు పైదానికి కనీసం రెండింతల గుడ్డతో కుచ్చు పెట్టి ఉండాలి. చర్మానికి తగిలే పొర మెత్తని కాటన్ కావాలి. మన ఊళ్ళలో లెహంగాలు కుట్టే టైలర్లు వాడే క్యాన్‌క్యాన్ నెట్టు చవక, గట్టిగా నిలబడుతుంది కూడా. అయితే గీరుకుపోతుంది కాబట్టి లోపల ఒక కాటన్ లోలంగా అస్తరుగా వేయించుకోవాలి, నెట్టు అంచులన్నిటికీ సన్నని పైపింగ్ పెట్టించాలి. ఆర్గండీతోనో ఆర్గంజాతోనో కుట్టినవి మరింత సొగసుగా పొంగుతాయి, కానీ ఉతికే కొద్దీ మెత్తబడతాయి. సెలవులకు గుంటూరు వెళ్ళినప్పుడు కొలతలిచ్చి కుట్టించుకుంటే అమెరికాలో కొనే ధరలో నాలుగో వంతు కూడా కాదు.

బ్లౌజు అంటే నా ఉద్దేశం చీర మీది జాకెట్టు కాదు; గుండ్రని కాలరో, నిలువు కాలరో ఉండి, బుట్ట చేతులతో, నడుము దాటి దిగే తెల్ల కాటన్ చొక్కా. లోలిటా గౌన్లలో ఎక్కువ భాగం చేతులు లేనివి. వాటిని జంపర్ స్కర్టు అంటారు, రాతలో జేఎస్‌కే అని కుదిస్తారు. చేతులతో కలిపి కుట్టినది వన్‌పీస్, అంటే ఓపీ. జేఎస్‌కే వేసుకున్న ప్రతిసారీ లోపల బ్లౌజు కావాలి కాబట్టి, ఒక మంచి బ్లౌజు మీ దగ్గర ఉన్న ప్రతి గౌనుకూ పనికొస్తుంది. దాని మీది లేసును దగ్గరగా చూడండి. దారపు నేతలో మందంగా, కాంతి లేకుండా ఉండే టార్షన్ లేసు మంచిది. పలచగా, నైలాన్ మెరుపుతో ఉండే రాషెల్ లేసును కొన్ని మంచి కంపెనీలు కూడా పొదుపుగా వాడతాయి గాని, చవక గౌన్లకు అదే మొదటి ఆనవాలు.

లేసు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెబుతాను. మా అమ్మమ్మది నరసాపురం దగ్గరి పల్లె. ఆవిడా, వీధిలోని ఆడవాళ్ళూ మధ్యాహ్నాలు అరుగుల మీద కూర్చుని కొక్కెం సూదితో నూలు లేసు అల్లేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా అక్కడికి చేరిన ఆ పని తర్వాత వేలాది గోదావరి ఇళ్ళకు ఆదాయమై, ఐరోపాకు ఎగుమతి అయింది. ఒసాకాలో నేను ఆ లేసుతో చేసిన కాలరు పెట్టుకుని ఒక టీ పార్టీకి వెళితే, అక్కడున్న పెద్దావిడ ఒకరు దాన్ని చేత్తో తాకి, ఇది యంత్రం పని కాదు కదా అని అడిగి, ఎక్కడ దొరుకుతుందో రాసుకున్నారు. లోలిటాలోనే క్లాసిక్, కంట్రీ అనే శైలుల్లో నూలు క్రోషే కాలర్లు, చేతి పట్టీలు ఎంతో బాగా ఒదుగుతాయి. మీకు గోదావరి జిల్లాల్లో తెలిసినవాళ్ళుంటే, జపాన్ నుంచి ఏదీ తెప్పించక ముందే ఆ కాలరు ఒకటి సంపాదించండి.

ఇప్పుడు ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలి, ఎందుకంటే ఇది కాస్‌ప్లేనా అన్న మీ ప్రశ్నకు జవాబు ఆ చరిత్రలోనే ఉంది. 1970లో హరజుకులో మిల్క్ అనే దుకాణం మొదలైంది, 1973లో పింక్ హౌస్ వచ్చింది. పూలు, ఫ్రిల్లులు, లేసులు ఎదిగిన ఆడవాళ్ళ దుస్తుల్లోకి రావడానికి ఆ రెండూ దారి వేశాయి. 1979లో ప్రెట్టీ అన్న పేరుతో మొదలైన హరజుకు దుకాణమే తర్వాత ఏంజెలిక్ ప్రెట్టీ అయింది. 1988లో ఇసోబె దంపతులు బేబీ, ద స్టార్స్ షైన్ బ్రైట్ ప్రారంభించారు. 1993లో ఒసాకా నుంచి మెటామార్ఫోజ్ వచ్చింది. 1999లో మాలిస్ మిజేర్ అనే విజువల్ కేయ్ బృందపు, అంటే ఆడంబరమైన వేషాలతో వాయించే రాక్ బృందపు, గిటారిస్టు మనా తన మోయి మెమ్ మోయిటియే కంపెనీతో నలుపు, నీలం రంగుల గోథిక్ శైలికి ఒక రూపం ఇచ్చాడు. ఆ రోజుల్లో ఆదివారాలు హరజుకు స్టేషన్ పక్కన జింగూ వంతెన మీద ఆ బృందాల అభిమానులు ఇలాంటి దుస్తుల్లో చేరేవారు. 2001లో మొదలై 2017 దాకా నడిచిన ‘గోథిక్ అండ్ లోలిటా బైబిల్’ అనే పత్రిక ఈ దుస్తులకు నిఘంటువు లాంటిది. ఫోటోలతోపాటు కుట్టుకోవడానికి కత్తిరింపు నమూనాలు కూడా ఇచ్చేది. 2008 నుంచి కొన్ని సంచికలు ఇంగ్లీషులో రావడం వల్లనే నా తరంవాళ్ళలో చాలామందికి జపాన్ బయట ఇది తెలిసింది.

ఈ క్రమంలో ఎక్కడా ఒక పాత్ర లేదు, ఒక కథ లేదు. కాస్‌ప్లే అంటే ఇంకొకరు కావడం. వేడుక ముగిశాక విప్పేస్తారు. లోలిటా దుస్తులు వేసుకున్న మనిషి తన పేరుతోనే ఉంటుంది, ఆ దుస్తుల్లోనే బ్యాంకుకూ పుస్తకాల దుకాణానికీ వెళుతుంది. అందుకే ఈ దుస్తుల్లో ఉన్నవారిని ‘మీరు ఏ పాత్ర?’ అని అడిగితే వాళ్ళు నొచ్చుకుంటారు. కాస్‌ప్లే తక్కువదని నేను అనడం లేదు, దానికి కావలసిన కుట్టుపని కొన్నిసార్లు మనదానికంటే కష్టం; రెంటి ఉద్దేశాలు వేరు, అంతే. అఓకి మిసాకో అనే ఆవిడ వృత్తిరీత్యా నర్సు, లోలిటా పత్రికలకు ప్రధానమైన మోడల్ కూడా. 2009లో జపాన్ విదేశాంగ శాఖ ఆమెను ఈ దుస్తులకు ప్రతినిధిగా ఎంపిక చేసి దేశదేశాలకు పంపింది. వారమంతా రోగులకు సేవ చేసి, సెలవు రోజున కుచ్చుల గౌను వేసుకునే ఆ జీవితం మీకు ఏ నిర్వచనం కంటే బాగా విషయం చెబుతుంది.

పేరు గురించి మీ భయం సహజమే. 1955 నాటి నబొకోవ్ నవలకు ఆ పేరు ఉంది, ఆ నవల విషయం వేరు, దాని వల్ల ఆ మాటకు అంటిన అర్థాలు వేరు. జపాన్‌లో ఆ మాట బొమ్మలాంటి, చిన్నపిల్లల అందాన్ని తలపించే దుస్తులకు తగులుకుంది గాని, వాటిని ధరించేవారికి ఆ నవలతో సంబంధం లేదు. పైగా ఈ దుస్తుల నియమాలే దానికి ఎదురు: మెడ మూసుకుని ఉంటుంది, మోకాళ్ళు కప్పి ఉంటాయి, లంగా కింద బ్లూమర్లు, అంటే వదులైన లోలాగులు, ఉంటాయి, మగవారి కంటికి నచ్చాలన్న ఆలోచన దరిదాపుల్లో ఉండదు. జపనీయులు ఈ దుస్తుల పేరు రాసేటప్పుడు మధ్యలో ఒక చిన్న ‘ఇ’ అక్షరం చేర్చి, నవల పేరు నుంచి వేరు చేసి రాస్తుంటారు. మీరు నెట్‌లో వెతికేటప్పుడు కూడా పేరు ఒక్కటే కొట్టకుండా దాని పక్కన ‘ఫ్యాషన్’ అని తప్పకుండా చేర్చండి, అనవసరమైనవి కంటపడకుండా ఉంటాయి. ఇంట్లో మాత్రం పేరుతో మొదలుపెట్టకండి, దుస్తులు చూపించండి. మా అమ్మ నా మొదటి మంచి గౌను చూసి, ‘ఐదో తరగతిలో నీకు పుట్టినరోజుకు కుట్టించిన బుట్ట చేతుల గౌనే కదే ఇది, అప్పుడు చిన్నదైపోయిందని ఎంత ఏడ్చావో!’ అంది. ఆ తర్వాత పేరు చెబితే ఆమెకు అది పెద్ద విషయం కాలేదు.

మాంగాల విషయానికి వస్తాను. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలని ఉంది, ఎందుకంటే చాలామంది మాంగాను దుస్తుల జాబితాగా చదివి, దాంట్లో ఉన్నట్టే కావాలని వెతికి నిరాశపడతారు. గీసిన గుడ్డకు బరువు ఉండదు, కుట్టు ఉండదు, ఉక్కపోత ఉండదు. మాంగా నుంచి తీసుకోవలసింది ఈ దుస్తులు వేసుకునే మనిషి మనసు.

ఆ లెక్కన మొదట చదవవలసింది తకెమోతో నొబారా రాసిన ‘షిమోత్సుమ మొనొగతారి’. 2002లో నవలగా వచ్చింది, 2004లో నకషిమ తెత్సుయ దర్శకత్వంలో సినిమా అయింది, కనెసద యుకియో దాన్ని మాంగాగా గీశారు. ‘కమికాజె గర్ల్స్’ అనే పేరుతో నవల, మాంగా రెండూ ఇంగ్లీషులో దొరుకుతాయి. ఇబరాకి ప్రాంతంలో చుట్టూ పొలాలున్న షిమోత్సుమ అనే ఊళ్ళో ఉంటూ, బేబీ కంపెనీ గౌన్ల కోసం రైలెక్కి తోక్యోలోని దయికన్‌యామ దాకా వెళ్ళే మొమొకో కథ అది. ఆమె రొకోకో కాలపు, అంటే పద్దెనిమిదో శతాబ్దపు, ఫ్రాన్సులో పుట్టి ఉండవలసిందని గట్టిగా నమ్మే మనిషి. ఆమెకు ఎదురుపడే ఇచిగో మోటారుసైకిల్ ముఠా పిల్ల. నిజమైన కంపెనీ, దాని యజమాని ఇసోబె కూడా కథలో పాత్రలుగా వస్తారు. నాకు ఇందులో గొప్పగా అనిపించే విషయం, మొమొకోకు ఉన్న నిజమైన విద్య కుట్టుపువ్వుల పని కావడం. ఎవరితోనూ కలవని ఆ పిల్ల, తన చేతిపని ద్వారానే ఇంకొకరితో బాధ్యతగా ముడిపడుతుంది. ఆమె తండ్రి నకిలీ బ్రాండు సరుకు అమ్మినవాడు. ఆ నకిలీలు అమ్మిన డబ్బుతోనే ఆమె అసలైన గౌన్లు కొంటుంది. రెప్లికాలు, అంటే పేరున్న కంపెనీల గౌన్లకు నకళ్ళు, కొనవచ్చా అని మీరు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు, అప్పుడు ఈ కథ గుర్తుకు తెచ్చుకోండి. నా మాట అడిగితే కొనవద్దనే చెబుతాను: ఒక కళాకారిణి గీసిన అచ్చును దొంగిలించి వేసిన గుడ్డ అది, పైగా దాదాపు ఎప్పుడూ రంగులు మసకగా, లేసు నాసిగా ఉంటుంది. సొంతంగా డిజైన్లు గీసే చైనా చిన్న కంపెనీలు చాలా ఉన్నాయి, తక్కువ ధరలో నిజాయితీగా దొరికేవి అవి.

మీరు చదివిన ‘పారడైజ్ కిస్’ యజవ అయి 1999 నుంచి 2003 దాకా ‘జిప్పర్’ అనే ఫ్యాషన్ పత్రికలో గీసినది. అది మాంగా పత్రికలో కాక దుస్తుల పత్రికలో రావడం వల్లనే దాంట్లో గుడ్డ ఖర్చు, రాత్రి తెల్లవార్లూ కుట్టడం, ప్రదర్శనకు ముందు కంగారు అంత వివరంగా ఉన్నాయనుకుంటాను. దాని పాత్రల్లో అందరూ మివాకోను లోలిటాగా చెప్పుకుంటారు, కానీ మళ్ళీ చదివేటప్పుడు ఇసబెల్లా అనే పాత్రను చూడండి. ఆమె పొడుగు గౌన్లు, టోపీలు, చేతి తొడుగులు, నిదానం అన్నీ క్లాసిక్, అరిస్టోక్రాట్ శైలులకు దగ్గరగా ఉంటాయి. ఆమె చిన్నప్పుడు అబ్బాయిగా పెరిగి, తాను కోరుకున్న గౌను మొదటిసారి వేసుకున్న ఘట్టం ఆ మాంగాలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది.

‘రోజెన్ మెయిడెన్’ 2002లో మొదలైంది, పీచ్-పిట్ అనే ఇద్దరు చిత్రకారిణుల జంట గీసినది. దాంట్లో బొమ్మలైన షింకు, సుయిగింతోల బానెట్లు (గడ్డం కింద కట్టుకునే టోపీలు), రిబ్బన్లు ఎందరో లోలిటాలకు ప్రేరణ. అయితే ఆ గౌన్లు పాదాల దాకా ఉంటాయి, మనవి మోకాలి దగ్గర ఆగుతాయి. దాంట్లో నన్ను పట్టుకున్నది జున్ అనే కుర్రవాడి సంగతి: గౌన్ల డిజైన్లు గీసే అతని విద్య బడిలో బయటపడి, నలుగురిలో అవమానమై, అతను గది తలుపు వేసుకుని బడి మానేస్తాడు. కుట్టుపని మీద ఇష్టం ఉన్న మగపిల్లలు మన ఊళ్ళలోనూ ఆ సిగ్గును మోస్తారు. వాళ్ళకు లోలిటాలో ఔజీ అనే శైలి ఉంది, అంటే రాజకుమారుడి దుస్తులు: మోకాలి దాకా లాగు, ఫ్రిల్లుల చొక్కా, వెయిస్టుకోటు. తొబొసొ యన 2006 నుంచి గీస్తున్న ‘బ్లాక్ బట్లర్’ మాంగాలో సియెల్ అనే కుర్రవాడు వేసుకునేవి చూస్తే అది ఎలా ఉంటుందో తెలుస్తుంది, ఆడవాళ్ళు కూడా ఎంతోమంది ఔజీ ధరిస్తారు.

వేర్లు తెలుసుకోవాలనుకుంటే ఇకెద రియోకో 1972, 73లలో గీసిన ‘వెర్సాయ్ గులాబీ’ చదవండి. ఫ్రాన్సు రాణి మరీ ఆంత్వానెట్ కాలపు గౌన్లు జపాన్ అమ్మాయిల ఊహల్లోకి అంత బలంగా చేరడానికి అదొక ముఖ్యమైన కారణం. దానికి ముందు నకహర జునిచి అనే చిత్రకారుడు రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946లో, ‘సొరెయియు’ పత్రిక మొదలుపెట్టాడు. తిండికీ గుడ్డకూ కరువుగా ఉన్న ఆ రోజుల్లో, ఉన్న కొద్దిపాటి గుడ్డతోనే అందంగా ఎలా కుట్టుకోవాలో పెద్ద కళ్ళ అమ్మాయిల బొమ్మలతో చూపించాడు. ‘మై డ్రెస్-అప్ డార్లింగ్’ అనే ఇటీవలి మాంగా కాస్‌ప్లే గురించినదే అయినా, కొలతలు తీయడం, గుడ్డ ఎంచుకోవడం ఓపికగా చూపిస్తుంది. కాస్త పెద్దవాళ్ళకు సంబంధించిన సన్నివేశాలు ఉంటాయి, తెలిసి చదవండి.

కొనడం గురించి. కొత్త జేఎస్‌కే ధర మామూలుగా 30,000 యెన్లు దాటుతుంది, అంటే మీ 200 డాలర్లు అక్కడికే అయిపోతాయి. వాడినవి దాంట్లో సగానికి, మూడో వంతుకు కూడా దొరుకుతాయి, జపనీయులు బట్టలు ఎంతో జాగ్రత్తగా వాడి అమ్ముతారు. క్లోజెట్ చైల్డ్, వుండర్‌వెల్ట్ అనే పాత బట్టల దుకాణాలు విదేశాలకు పంపుతాయి. వ్యక్తులు నేరుగా అమ్మే మెర్కారి, యాహూ వేలం లాంటివాటికి జెన్‌మార్కెట్, బైయీ వంటి మధ్యవర్తి సేవలు కావాలి. వాళ్ళు మీ తరఫున కొని, గోదాములో ఉంచి, రెండు మూడు వస్తువులను ఒకే పెట్టెలో సర్ది పంపుతారు. పాశ్చాత్య దేశాల లోలిటాలు ఒకరికొకరు అమ్ముకునే లేస్ మార్కెట్ ఇంకొక దారి. ఒక హెచ్చరిక: ఇదివరకు అమెరికాకు 800 డాలర్ల లోపు పార్సిళ్ళు సుంకం లేకుండా వచ్చేవి, 2025 ఆగస్టు చివర ఆ మినహాయింపును నిలిపివేశారు. కాబట్టి గౌను ధర, మధ్యవర్తి రుసుము, తపాలా, సుంకం నాలుగూ కలిపి లెక్క వేసుకున్న తర్వాతే వేలంలో పాట పాడండి. అదే కారణంగా, అమెరికాలోనే ఉన్నవారి దగ్గర కొనడం మీ మొదటి కొనుగోలుకు మంచిది.

జపాన్ ప్రకటనల్లో కొలతలు చదవడం నేర్చుకోకపోతే తప్పకుండా మోసపోతారు, అదీ ఎవరూ మోసం చేయకుండానే. అక్కడ ఎక్కువమంది గౌనును నేల మీద పరిచి అడ్డంగా కొలుస్తారు. మిహాబా 43 అని ఉంటే అది ఛాతీ చుట్టుకొలత కాదు, సగం. అసలు చుట్టుకొలత 86. కితాకే అంటే భుజం నుంచి అంచు దాకా పొడవు. షిర్రింగ్ ఉందని రాసి ఉంటే వీపు మీద ఎలాస్టిక్ కుచ్చులు ఉన్నాయని అర్థం. అలాంటి గౌను సాగుతుంది, మొదటిసారి కొనేవారు షిర్రింగ్ లేనిది కొనకూడదు. నాన్-ఆరి అని ఉంటే మచ్చో చిరుగో ఉందని, కెప్పిన్ అని ఉంటే విడిగా రావలసిన రిబ్బనో బెల్టో పోయిందని. సగటు జపాన్ యువతి ఎత్తు 158 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. మీరు 165 అన్నారు కాబట్టి నడుము రేఖ కొంచెం పైకి జరుగుతుంది, అంచు మోకాలి పైకి వస్తుంది. అప్పుడు కింద లేసు అంచున్న అండర్‌స్కర్టు ఒకటి వేసుకుంటే ఆ లోటు తీరుతుంది, చూడడానికి కూడా నిండుగా ఉంటుంది. ఛాతీ 100 దాటినవారికి మెటామార్ఫోజ్ గౌన్లలో వెసులుబాటు ఎక్కువ. చైనా కంపెనీల్లో కొన్ని కొలతలిస్తే కుట్టి పంపుతాయి.

ఉతకడం గురించి ఒక్క మాట: ఎరుపు తెలుపు కలిసిన గౌనును, ముదురు ద్రాక్షరంగు వెల్వెటీన్‌ను ఎప్పుడూ నానబెట్టకండి. చన్నీళ్ళలో త్వరగా ఉతికి, వెంటనే తువ్వాలులో చుట్టి నీరు పీల్చి, నీడలో పరిచి ఆరబెట్టండి. నా దగ్గరి తెల్ల కాలరు ఒకటి ఇప్పటికీ లేత గులాబీరంగులో ఉంది.

తోటివారిని కలవడానికి మీ ఊరు మంచిదే. ఎ-కాన్ అనే యానిమే (జపాన్ కార్టూన్ చిత్రాల) సమ్మేళనం 1990లో డాలస్ ప్రాంతంలోనే మొదలైంది, టెక్సాస్ లోలిటాలు అలాంటి చోట్ల చేరతారు. జూన్, డిసెంబరు నెలల మొదటి శనివారాలను అంతర్జాతీయ లోలిటా దినంగా జరుపుకుంటారు. ఆ రోజు ఏదో ఒక చోట టీ పార్టీ తప్పక ఉంటుంది. మొదటిసారి వెళ్ళేటప్పుడు పూర్తి వేషం లేదని మానుకోకండి. సాదా లంగా, తెల్ల బ్లౌజు, జుట్టుకు ఒక రిబ్బను చాలు. అక్కడ ఎవరి పెట్టీకోటు ఎలా పొంగిందో మీ కళ్ళతో చూస్తే, నేను ఇక్కడ ఇన్ని మాటల్లో రాసినది నిమిషంలో అర్థమవుతుంది. హైదరాబాదు ఎండల్లో వేసుకోవచ్చా అని కూడా చివర్లో అడిగారు: డిసెంబరు, జనవరి నెలల్లో హాయిగా వేసుకోవచ్చు, వేసవిలో నేను కూడా సాహసించను.

ఇక చేయవలసినది. టేపు తీసుకుని, బ్రా వేసుకున్న మీద ఛాతీ, నడుము, భుజం నుంచి నడుముకు పొడవు, నడుము నుంచి మోకాలి చిప్ప మధ్యకు పొడవు కొలవండి. ఆ నాలుగు అంకెలూ ఇక్కడ రాస్తే, పెట్టీకోటు ఎంత పొడవు కుట్టించుకోవాలో, ఎన్ని మీటర్ల నెట్టు కొనాలో నేను లెక్క వేసి చెబుతాను.